స్పృహ తడబడినప్పుడు అడగవలసిన మూడు ప్రశ్నలు: శ్రోతలతో మనోవైద్యురాలి సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. స్పృహలో కలిగే మార్పుల గురించి మనోవైద్య నిపుణురాలు మీ సందేహాలు తీరుస్తారు. మిర్యాలగూడ నుంచి విద్యార్థి ఒకరు లైనులో ఉన్నారు.

శ్రోత: మేడమ్, హాస్టల్లో తెల్లవారుజామున మెలకువ వస్తుంది కానీ కాలూ చెయ్యీ కదలవు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. దయ్యమని స్నేహితులు భయపెడుతున్నారు.

డాక్టర్: దయ్యం కాదు బాబూ. కలలు గాఢంగా వచ్చే నిద్రదశలో, కలలో పరుగెత్తే మనిషి నిజంగానే లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను కదలనివ్వదు. ఆ దశలో కళ్లు రెప్పల కింద వేగంగా కదులుతాయని 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. కండరాల మీద మెదడు పట్టు వదలకముందే మెలకువ వస్తే కల కూడా గదిలోనే కనబడుతుంది. కొద్ది సెకన్లలో, మహా అయితే రెండు మూడు నిమిషాల్లో, దానంతటదే పోతుంది. వెల్లకిలా పడుకోకండి, రాత్రంతా మేల్కొని చదవకండి. లేచాక ఈ రోజు ఏ వారం, నేనెక్కడున్నాను, పక్కనున్నది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు మీకు తెలుస్తున్నాయి కదా, భయం లేదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కల్వకుర్తి నుంచి చెప్పండమ్మా.

శ్రోత: మేడమ్, మా నాయనకు గాలి సోకిందని అంటున్నారు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులుపుతాడు, రాత్రయితే చనిపోయిన మా పెదనాయనతో మాట్లాడతాడు. మొన్ననే మా చెల్లెలి పెళ్లి కుదిరింది, ఆ అలసట ఏమోనని అనుకున్నాము, మా అత్త మాత్రం పొలం గట్టు మీద ఏదో దాటాడని అంటుంది, బాయి దగ్గర కూడా ఒకసారి...

డాక్టర్: ఒక్క నిమిషం తల్లీ. ఆయన కల్లు తాగుతారా? ఎప్పుడు మానేశారు?

శ్రోత: రోజూ తాగేవాడు మేడమ్. దుకాణం మూసేశారు, నాలుగు రోజులయింది. చేతులు వణుకుతున్నాయి. అయితే గాలి కాదంటారా?

డాక్టర్: కాదు. మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో మందుకల్లు అని దేన్ని అంటామో అందులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ మత్తు అందితే మెదడు దానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకొని సరిచూసుకుంటుంది. మత్తు హఠాత్తుగా ఆగినప్పుడు ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు కాబట్టి వణుకు, చెమటలు, నిద్రలేమి, ఫిట్లు, లేనివి కనబడడం మొదలవుతాయి. ఈ రోజు ఏ వారమని మీ నాయనను అడిగారా?

శ్రోత: అడిగితే సంక్రాంతి అన్నాడు. నన్ను మా అమ్మ అనుకుంటున్నాడు. ఎవరైనా కొంచెం కల్లు తెచ్చి తాగిస్తే తగ్గుతుందని మా అన్న అంటున్నాడు, నిజమేనా?

డాక్టర్: వద్దమ్మా, ఎంత మాత్రం వద్దు. సీసాలో ఎంత మందు ఉందో అమ్మినవాడికే తెలియదు. తికమకలో ఉన్న మనిషికి పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆసుపత్రిలో అదే తరగతి మందును కొలతతో ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తారు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. వారం, చోటు, మనిషి తెలియకపోవడం ప్రాణానికే ప్రమాదం.

శ్రోత: ఆదివారం తాయెత్తు కట్టించి, ఆ తరువాత తీసుకుపోతే...

డాక్టర్: తాయెత్తు ఆసుపత్రి మంచం మీద కూడా కట్టవచ్చు తల్లీ, నేను వద్దనను. ఆదివారం దాకా ఆగకండి. ఈ ఫోన్ పెట్టగానే 108కు చేయండి. ఆయనను తాళ్లతో కట్టకండి, గదిలో దీపం ఉంచండి, ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. ఇంట్లో ఇంకెవరైనా మందుకల్లు తాగుతుంటే, వాళ్లను కూడా ఒక్కసారిగా మానిపించకుండా డాక్టరుకు చూపించి మానిపించండి.

వ్యాఖ్యాత: వెంటనే వెళ్లండమ్మా. తరువాతి కాలర్, నారాయణపేట నుంచి.

శ్రోత: కురుమూర్తి జాతరలో మా వదినకు పూనకం వస్తుంది. అది రోగమా?

డాక్టర్: డప్పుల చప్పుడు, ఉపవాసం, భక్తి కలిసినచోట స్పృహ ఒకే దానిపై నిలిచిపోయి, కొంతసేపటికి మళ్లీ మామూలవుతుంది. జాతరతోనే ఆగితే రోగమనను. జాతర లేని రోజుల్లోనూ వస్తున్నా, నాలుక కరుచుకున్నా, మూత్రం పోయినా ఫిట్లేమోనని పరీక్ష చేయించాలి. తేరుకున్నాక వారం, చోటు, మనిషి అడిగి చూడండి.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. గద్వాల నుంచి, క్లుప్తంగా అడగండి.

శ్రోత: ధ్యానంలో శరీరం లేనట్టు అనిపిస్తుంది.

డాక్టర్: చాలామందికి అలా ఉంటుంది. లేచాక కూడా ఆ భావన రోజుల తరబడి పోకుండా, నిద్ర పట్టకపోతే ధ్యానం ఆపి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా పలుకుతారు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు డాక్టర్ గారూ. శ్రోతలకు నమస్కారం.