డేటాబేస్‌లో తేదీ ఒకటి, బిల్లు మీద ఇంకొకటి: మూడు పద్ధతుల రివ్యూ

నమస్కారం అండీ, నెల్లూరు నుంచి. డేటాబేస్‌లో ఉన్న తేదీని మనం చదువుకునే తీరులోకి మార్చడానికి మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్), పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష), జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే భాష) మూడూ పనికొస్తాయి. ఏది ఎక్కడ వాడాలో ఈరోజు చూద్దాం.

విడవలూరు వైపు ఒక చెరువులో పట్టుబడి అయింది, మార్చి 15 తెల్లవారుజామున 2:10కి రొయ్యల లారీ కదిలింది అనుకోండి. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా వాడే టైమ్‌లో, నడుస్తుంటే డేటాబేస్‌లో పడేది 2025-03-14 20:40:00. మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. దీన్ని ఉన్నదున్నట్టు తిప్పేస్తే బిల్లు మీద 14-03-2025 వస్తుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ రోజే తప్పు! రైతు రాసుకున్న తేదీతో కలవదు. డబ్బు లెక్క దగ్గర ఇది చిన్న విషయం కాదండీ.

మైఎస్‌క్యూఎల్‌లో డేట్ ఫార్మాట్ ఫంక్షన్ ఉంది, ఒక్క లైనులో పని అయిపోతుంది. సెట్టింగ్ మారిస్తే నెల పేరు తెలుగులోనే ఇస్తుంది, అది నాకు బాగా నచ్చింది. కానీ బయటికొచ్చేది ఉత్త టెక్స్ట్. దాని మీద ఆర్డర్ బై (వరసలో పేర్చే ఆదేశం) పెట్టారా, 15-03-2023 కంటే ముందు 01-12-2024 వచ్చి కూర్చుంటుంది. సార్టింగ్ ఎప్పుడూ అసలు కాలమ్ మీదే చేయండి.

బిల్లులకు, పీడీఎఫ్‌లకు నా ఓటు పీహెచ్‌పీ డేట్‌టైమ్ క్లాస్‌కే. వచ్చిన టైమ్ యూటీసీ అని ముందు చెప్పాలి, తర్వాత ఏషియా/కోల్‌కతాకి (మన దేశపు టైమ్‌జోన్ పేరు) మార్చాలి, ఆ తర్వాతే ఫార్మాట్. ఇక్కడ నిమిషాలకు చిన్న ‘ఐ’ అక్షరం. అలవాటుగా చిన్న ‘ఎం’ పెడితే అది నెల, 2:10 కాస్తా 2:03 అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

మొబైల్ స్క్రీన్ మీద చూపించడానికైతే జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ (Intl, తేదీలను ఆయా భాషల తీరులో చూపించే సౌకర్యం) బాగుంటుంది. తెలుగు లొకేల్ (భాష సెట్టింగ్), టైమ్‌జోన్ ఇస్తే ‘15 మార్చి, 2025’ అని మన లిపిలోనే వస్తుంది. పంపే టైమ్ చివర ‘జెడ్’ (ఇది యూటీసీ అని చెప్పే గుర్తు) ఉండాలి, లేకపోతే బ్రౌజర్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది.

ఇంకొక్క మాట. లోడు ఇంకా దిగకపోతే ఆ తేదీ గడి ఖాళీగా ఉంటుంది. పీహెచ్‌పీలో టెక్స్ట్‌ని టైమ్‌గా మార్చే స్ట్రింగ్-టు-టైమ్ (strtotime) ఫంక్షన్‌కి ఖాళీ ఇచ్చి, వచ్చింది నేరుగా డేట్ ఫంక్షన్‌కి అందిస్తే 01-01-1970 అని చూపిస్తుంది. అందుకే ముందు ఖాళీనా కాదా చూసి, ఖాళీ అయితే ‘ఇంకా దిగలేదు’ అని రాయించండి.