నీలి పొగ వస్తే టర్బో పోయినట్టేనా?

యాంకర్: పార్వతీపురం నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం మేస్త్రి గారూ. నాది 2012 మోడల్ టర్బో డీజిల్ కారండి, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న అరకు నుంచి ఘాట్ దిగి ఎస్.కోట దగ్గర యాక్సిలరేటర్ తొక్కానో లేదో, వెనక ఒకటే పొగ. బైక్ మీద వస్తున్న మా బావమరిదికి రోడ్డే కనపడలేదట. మెకానిక్ చూసి టర్బో పోయింది, నలభై వేలవుతుందన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదండి. మార్చేయమంటారా?

మేస్త్రి: అప్పుడే మార్చకండి. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పంకా, అది పోయిందో లేదో ముందు చూద్దాం. పొగ ఏ రంగులో ఉంది?

శ్రోత: తెల్లగానే ఉందండి.

మేస్త్రి: ఎండలో నీలి ఛాయ కనిపించిందా? వాసన ఎలా ఉంది?

శ్రోత: ఆ, కాస్త నీలంగానే ఉంది. మూకుట్లో నూనె మాడినట్టు వాసన.

మేస్త్రి: అయితే కాలుతున్నది ఇంజిన్ ఆయిల్. చాలామంది దీన్నే తెల్ల పొగ అంటారు, అక్కడే దారి తప్పుతారు. ఆయిల్ ఎంత తగ్గుతోంది?

శ్రోత: వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు పోస్తున్నానండి.

మేస్త్రి: ఎక్కువే. ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?

శ్రోత: మార్చలేదండి. సర్వీసుకిచ్చినప్పుడల్లా గాలి కొట్టి పెట్టేస్తున్నారు.

మేస్త్రి: బండి దగ్గరుందా? ఒక్క పరీక్ష చేద్దాం. న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, స్టార్ట్ చేయమనండి. రెండు నిమిషాలు రేజ్ చేయకుండా వదిలేయండి. తర్వాత చేతిలో గుడ్డ పట్టుకుని, మనం ఆయిల్ పోసే మూతని మెల్లగా వదులు చేయండి. కాస్త ఆయిల్ చిందొచ్చు, మొహం దూరంగా పెట్టండి.

యాంకర్: ఆయన చూసేలోపు ఖమ్మం నుంచి ఒక కాలర్. చెప్పండమ్మా.

శ్రోత: మా కారుకి ఓవర్‌టేక్ చేసేటప్పుడు నల్ల పొగ వస్తోందండి. ఈలలాంటి చప్పుడు కూడా. పికప్ లేదు. పొల్యూషన్ సెంటర్లో మాత్రం పాసయింది!

మేస్త్రి: పాసవుతుందమ్మా. అక్కడ బండిని నిలబెట్టి రేజ్ చేస్తారు. ఇంజిన్ మీద బరువుండదు కాబట్టి టర్బో గాలి పెద్దగా నొక్కదు, పైపు చీలిక బయటపడదు. బీఎస్-4 కాలుష్య ప్రమాణంతో వచ్చిన బండికి పొగ 50 యూనిట్లు, అంతకన్నా పాతదానికి 65 దాటకూడదు, అంతవరకే వాళ్లు చూస్తారు. నల్ల పొగంటే డీజిల్‌కి తగ్గ గాలి అందడం లేదని. ఈల కూడా ఉందంటే ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అంటే ఆ గాలిని చల్లబరిచే జాలీకి, వెళ్లే రబ్బరు పైపుల్ని, క్లిప్పుల్ని చూపించండి. ఎక్కడో చీలి, చుట్టూ జిడ్డు అంటుకుని ఉంటుంది. అవి బాగుంటే, కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో ఇరుక్కుందేమో చూడాలి. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

యాంకర్: పార్వతీపురం సార్, చెప్పండి.

శ్రోత: మూత వదులు చేయగానే బుస్సుమందండి. తర్వాత తగ్గిపోయింది, ఇప్పుడు ఆవిరిలా కొంచెం వస్తోంది.

మేస్త్రి: గుప్పు గుప్పుమని ఆగకుండా తన్నడం లేదు కదా?

శ్రోత: లేదండి.

మేస్త్రి: హమ్మయ్య. అలా తన్నితే పిస్టన్ రింగులు, బోరు అరిగాయని అనుమానించేవాణ్ణి. మీది చూస్తే బ్రీథర్ పైపు మూసుకుపోయినట్టుంది. రింగుల పక్కనుంచి కొంత గాలి ఎప్పుడూ ఇంజిన్ కింద ఆయిల్ ఉండే చాంబర్లోకి దిగుతుంది, ఆ పైపులోంచే బయటికి పోవాలి. దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. టర్బోలో తిరిగిన ఆయిల్‌ని వెనక్కి లాగే పంపు ఏదీ లేదు, దాని బరువుకి అదే జారి చాంబర్లో పడాలి. కింద ఒత్తిడుంటే జారదు, సీళ్లు దాటి గాలి పైపులోకి వస్తుంది. ఘాట్ దిగేటప్పుడు మీ కాలు యాక్సిలరేటర్ మీద లేదు, ఆయిల్‌ని ఆపే టర్బో గాలి ఒత్తిడీ లేదు. పైగా ఫిల్టర్ మూసుకుపోయింది, గాలి చాలక టర్బో ఆ ఆయిల్‌ని ఇంకా లాగుతోంది. కింద మళ్లీ తొక్కగానే పోగైన ఆయిల్ అంతా ఒక్కసారి కాలింది.

శ్రోత: అంటే కొత్త టర్బో వేసినా...

మేస్త్రి: అదీ కారుతుంది. అందుకే వద్దంటున్నా. బ్రీథర్ కడిగించి, కొత్త ఫిల్టర్ వేసి, టర్బో కింద రిటర్న్ పైపులో మడ్డి ఉంటే తీయించండి. ఇంజిన్ చల్లారాక హోస్ విప్పించి, టర్బో షాఫ్ట్ చేత్తో ఆడించి చూడమనండి. పక్కలకి కొంచెం ఆడటం మామూలే. ముందుకూ వెనక్కీ కదిలినట్టు తెలిసినా, రెక్కలు గోడకి రాసుకున్నా టర్బో పోయినట్టే.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఇంటర్‌కూలర్లో నిలిచిన ఆయిల్ తీయించేదాకా బండిని రోడ్డెక్కించకండి. ఆ ఆయిల్‌నే తాగి ఇంజిన్ తనంతట తానే రేజ్ అయిపోవచ్చు. అప్పుడు తాళం తీసినా ఆగదు. మీది మాన్యువల్ గేరేనా?

శ్రోత: అవునండి.

మేస్త్రి: అలా ఎప్పుడైనా జరిగితే బండి ఆపి, టాప్ గేరులో పెట్టి, బ్రేకు గట్టిగా నొక్కిపట్టి క్లచ్ ఒక్కసారిగా వదిలేయండి. బానెట్ ఎత్తి తల పెట్టకండి. ఇది మీ బావమరిదికీ నేర్పండి.

శ్రోత: అలాగేనండి. ఇప్పుడే ఇంజిన్ ఆపించేస్తున్నా.

మేస్త్రి: మంచిది. బాగుచేయించాక కూడా కొన్నాళ్లు పొగ వస్తుంది, సైలెన్సర్లో పట్టిన నూనె కాలాలి కదా. కంగారుపడి మళ్లీ టర్బో అనకండి, ఆయిల్ గేజ్ చూసుకోండి. ఆయిల్ తగ్గడం ఆగితే పని అయినట్టే.

యాంకర్: చివరి కాల్, అనంతపురం నుంచి.

శ్రోత: పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగండి, కళ్లు మండుతాయి. ఐదు నిమిషాలకి పోతుంది. హెడ్ గ్యాస్కెట్ అంటున్నారు.

మేస్త్రి: హెడ్ కింది గ్యాస్కెట్ పోతే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు, తగ్గుతుంది. మీకు తగ్గుతోందా?

శ్రోత: లేదండి, గీత దగ్గరే ఉంది.

మేస్త్రి: అయితే హెడ్ విప్పనివ్వకండి. కళ్లు మండుతున్నాయంటే అది కాలని డీజిల్. చల్లటి ఇంజిన్‌ని స్టార్టింగ్‌లో వేడి చేసే హీటర్ ప్లగ్గులు నాలుగూ మల్టీమీటర్‌తో చూపించండి. రెండు పోయి ఉంటాయని నా అనుమానం.