ఫొటో వెనక్కి తిప్పండి: హోలోకాస్ట్‌లో మిగిలిన యూదు కుటుంబాల కాగితాలు

[తెరపై: నలుపు తెలుపు ఫొటో. వెనక్కి తిప్పితే స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రెండు వరసల రాత.]

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీ జర్మనీ యూదులను సామూహికంగా చంపడాన్నే హోలోకాస్ట్ అంటారు. పోలండ్‌లోని ఆష్విట్జ్-బిర్కెనౌ నాజీ శిబిరంలో రైలు దిగినవాళ్ల సామాన్లన్నీ లాగేసుకునేవారు. బట్టలు, బంగారం, కళ్లజోళ్లు జర్మనీకి వెళ్లేవి. పెళ్లి ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి తగలబెట్టేవారు. అయినా దాదాపు 2,400 ఫొటోలు అక్కడ మిగిలాయి. చాలావరకు పోలండ్‌లోని బెన్‌జిన్, సొస్నోవియెత్స్ ఊళ్ల యూదులవి. 1943 ఆగస్టులో అక్కడి ఘెట్టోలను (యూదులను బంధించి ఉంచిన పేటలను) ఖాళీ చేయించినప్పుడు వాళ్లు వెంట తెచ్చుకున్నవి. కొత్త ఖైదీల బట్టలు విప్పించి, తలలు గొరిగించిన 'సౌనా' అనే భవనంలోనే ఇప్పుడు వాటిని ప్రదర్శిస్తున్నారు.

ఇలాంటి ఫొటో చేతికొస్తే ముందు తేల్చాల్సింది ఒకటుంది: ఇది ఎలా బయటపడింది? ఏ దారిన వచ్చిందో తెలిస్తే, ఎవరిదో కనుక్కునే పని సగం తేలికవుతుంది.

[తెరపై: పడమటి దేశాలకు గీతలు గీసిన యూరప్ మ్యాపు.]

చాలా ఫొటోలు మిగిలింది యుద్ధానికి ముందే పోస్టులో దేశం దాటడం వల్ల. అమెరికాలో ఉన్న అన్నకో మేనత్తకో పంపిన కుటుంబ ఫొటో అక్కడి అల్మారాలో భద్రంగా ఉండిపోయింది. ఇప్పుడు లిథువేనియాలో ఉన్న ఐషిషోక్ అనే చిన్న ఊళ్లో 1941 సెప్టెంబరులో రెండు రోజుల్లోనే దాదాపు యూదులందరినీ కాల్చి చంపారు. ఆ ఊళ్లో పెరిగి ప్రాణాలతో బయటపడ్డ చరిత్రకారిణి యాఫా ఎలియాఖ్, ఊరివాళ్ల ఫొటోలను ప్రపంచమంతా ఉన్న వాళ్ల బంధువుల ఇళ్ల నుంచి సేకరించారు. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో ఆ ఫొటోలు మూడంతస్తుల ఎత్తున గోడలనిండా ఉంటాయి. వర్జీనియా, మేరీల్యాండ్‌లో ఉండే మన తెలుగువాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు వాషింగ్టన్ చూపించేటప్పుడు దీనికి ఒక పూట కేటాయించండి.

[తెరపై: మట్టిలోంచి తీసిన రేకు పెట్టె, పక్కన పాల క్యాను.]

రెండో దారి భూమిలో దాచడం. వార్సా ఘెట్టోలో ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు 1940 నవంబరు నుంచి 'ఒనెగ్ షబ్బత్' పేరుతో రహస్యంగా ఒక బృందాన్ని నడిపారు. డైరీలు, రేషన్ కార్డులు, గోడ ప్రకటనలు, బడి పిల్లల వ్యాసాలు, ఉత్తరాలు, ఏది దొరికితే అది దాచారు. 1942 ఆగస్టులో, ఘెట్టో జనాన్ని చంపడానికి ట్రెబ్లింకా శిబిరానికి తరలిస్తున్న రోజుల్లోనే, నొవొలిప్కి వీధి 68వ నంబరు భవనం నేలమాళిగలో మొదటి భాగాన్ని 10 రేకు పెట్టెల్లో పెట్టి పాతారు. పాతినవాళ్లలో ఒకడైన డావిడ్ గ్రాబెర్‌కు 19 ఏళ్లు. తన వీలునామా కూడా ఆ పెట్టెలోనే పెట్టాడు. రెండో భాగాన్ని 1943 ఫిబ్రవరిలో రెండు పాల క్యాన్లలో అక్కడే పాతారు.

మొదటిది 1946 సెప్టెంబరులో, రెండోది 1950 డిసెంబరులో దొరికాయి. నాలుగేళ్లే భూమిలో ఉన్నవి బాగా పాడయ్యాయి, ఏడేళ్లకు పైగా ఉన్నవి బాగున్నాయి. తేడా అంతా మూతలోనే ఉంది. రేకు పెట్టెలకు అతుకులు గట్టిగా లేక నీళ్లు దిగాయి: సిరా కారిపోయింది, బూజు పట్టింది, కాగితాలు ఒకదానికొకటి అంటుకున్నాయి, ఇనుప క్లిప్పుల తుప్పు దిగింది. పాల క్యాన్ల మూతలు చెమ్మను ఆపాయి. మొత్తం మీద దాదాపు 35,000 పేజీలు దక్కాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు.

పోలండ్‌లోని లోడ్జ్ ఘెట్టోలో హెన్రిక్ రాస్ అధికారిక ఫొటోగ్రాఫర్. గుర్తింపు కార్డుల కోసం ఒక్కొక్కరినీ విడిగా తీయకుండా, మెట్లలా కట్టిన వేదిక మీద చాలామందిని నిలబెట్టి ఒకే నెగెటివ్‌లో తీసి, తర్వాత ముఖాలు విడదీసేవాడు. అలా మిగిల్చిన ఫిల్ముతో, పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసీ ఘెట్టో బతుకును దొంగచాటుగా తీశాడు. 1944లో దాదాపు 6,000 నెగెటివ్‌లు పాతిపెట్టి 1945 మార్చిలో తవ్వి తీస్తే, సగం నీటికి పోయాయి. ఫిల్ము మీది జిలాటిన్ తడికి ఉబ్బి కరిగిపోతుంది, బొమ్మ ఉండేది ఆ పొరలోనే.

[తెరపై: ఫొటో వెనకవైపు దగ్గరగా. ముద్ర మీద భూతద్దం.]

ఇప్పుడు చదవడం. వెనకవైపు స్టూడియో ముద్రలో ఊరి పేరుంటుంది. వెతికేటప్పుడు ఆ ఊరికున్న పేర్లన్నీ వాడాలి. లోడ్జ్‌ను జర్మన్లు 1940లో లిట్స్‌మన్‌స్టాడ్ చేశారు, బెన్‌జిన్‌ను బెండ్స్‌బుర్గ్ అన్నారు. ఒక్క పేరుతోనే వెతికితే సగం రికార్డులు కనబడవు. మనిషి పేరు కూడా అంతే: ష్ముయెల్, ష్ముల్, శామ్యూల్ ఒకరే కావచ్చు.

రాతలో హీబ్రూ సంవత్సరం, అంటే యూదుల పంచాంగ సంవత్సరం ఉంటే, తరచుగా వేల అంకె వదిలేస్తారు. 702 (అంటే 5702) అని ఉంటే 1240 కలపండి, 1942 వస్తుంది. హీబ్రూ సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలవుతుంది కాబట్టి, ఆ నెలల నుంచి డిసెంబరు దాకా తేదీ అయితే ఒకటి తగ్గించాలి.

యూదులు బలవంతంగా ధరించాల్సి వచ్చిన ఒంటి మీది గుర్తు కాలాన్ని ఇంకా గట్టిగా చెబుతుంది. వార్సా, క్రాకోవ్ ప్రాంతంలో 1939 డిసెంబరు నుంచి తెల్లపట్టీ మీద నీలం నక్షత్రం. జర్మనీలో 1941 సెప్టెంబరు 19 నుంచి పసుపు నక్షత్రం. నెదర్లాండ్స్‌లో 1942 మే, ఆక్రమిత ఫ్రాన్స్‌లో జూన్. అయితే నక్షత్రం కనబడలేదని ఫొటో అంతకుముందుదని తేల్చేయకండి. జర్మనీలో ఆరేళ్లలోపు, వార్సా ప్రాంతంలో పదేళ్లలోపు పిల్లలకు ఆ నిబంధన లేదు.

[తెరపై: ఎర్రటి 'జె' అక్షరం ముద్ర వేసిన పాస్‌పోర్టు పేజీ.]

జర్మన్ పాస్‌పోర్టులో ఎర్ర 'జె' (జర్మన్‌లో 'యూదు' అనే మాట మొదటి అక్షరం) ఉంటే అది 1938 అక్టోబరు తర్వాతి ముద్ర. 1939 జనవరి నుంచి, నాజీల జాబితాలో లేని పేర్లున్న యూదు మగవాళ్లకు 'ఇజ్రాయెల్', ఆడవాళ్లకు 'సారా' అని అదనపు పేరు బలవంతంగా తగిలించారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు: 'సారా'ను సొంత పేరు అనుకుని ఇద్దరు ఆడవాళ్లను ఒకరిగా కలిపేస్తారు. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రెండూ సరిపోతేనే కలపాలి.

యుద్ధకాలంలో వేర్వేరు దేశాల్లోని బంధువులు కబురు పంపుకున్న రెడ్‌క్రాస్ ఫారంలో 25 మాటలకే అనుమతి. జవాబు దాని వెనకే రాసేవారు. జెనీవా మీదుగా చేరడానికి నెలలు పట్టేది. చేరిన ముద్ర తేదీని బట్టి ఆ రోజుకు పంపినవాళ్లు బతికే ఉన్నారనుకోకూడదు. వాళ్లు స్వయంగా రాసిన తేదీయే లెక్క.

[తెరపై: చేతులు, స్కానర్, మెత్తటి పెన్సిల్.]

ఆల్బమ్ ఉంటే ఫొటోలు పీకకండి. ఎవరి పక్కన ఎవరున్నారన్నది కూడా ఆధారమే. ముందు పేజీ మొత్తం, తర్వాత ఒక్కో ఫొటో స్కాన్ చేయండి. కనీసం 600 డీపీఐ, అరచేతిలో పట్టే చిన్న ఫొటో అయితే 1200. నలుపు తెలుపు ఫొటో అయినా రంగులోనే, టిఫ్ ఫైలుగా. అప్పుడే సిరా, మరక, ముద్ర విడివిడిగా తెలుస్తాయి. అంచులు కత్తిరించకండి. వెనకవైపు ఖాళీగా ఉన్నా స్కాన్ తీయండి, వెలిసిన పెన్సిల్ రాత కొన్నిసార్లు స్కాన్‌లోనే బయటపడుతుంది.

ఫొటోలకు నైట్రైల్ గ్లవ్స్. ఉత్తరాలకు కడిగి ఆరిన చేతులు చాలు, నూలు గ్లవ్స్ చిరిగిన అంచులకు తట్టుకుని ఇంకా చింపుతాయి. సెల్లోటేప్, లామినేషన్, పీవీసీ కవర్లు వద్దు. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. అంటుకుపోయిన రెండు ఫొటోలను లాగకండి, పొర ఊడొస్తే ముఖం దాంతోపాటే పోతుంది. నిపుణుడికి ఇవ్వండి.

పేరు తెలిస్తే వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను గీత ముందుకు ఉబ్బుతుంది. ఊహ అయితే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఎవరు చెప్పారు, ఏ ఏడాది చెప్పారు కూడా రాయండి.

[తెరపై: యాద్ వషెమ్ సాక్ష్య పత్రం.]

చివరి పని, జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషెమ్‌కు చనిపోయినవాళ్ల పేరున సాక్ష్య పత్రం నింపడం. 1950ల నుంచి సేకరిస్తున్నారు, ఒక్కో మనిషికి ఒక్కో పత్రం. పేరు, పుట్టింటి పేరు, తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, యుద్ధకాలంలో ఉన్న చోటు రాసి, ఫొటో జతచేసి, నింపినవాళ్లు సంతకం పెడతారు. ఒకే మనిషి గురించి ఇద్దరు బంధువులు వేర్వేరు తేదీలు రాస్తే రెండు పత్రాలూ అలాగే ఉంచుతారు. మీ దగ్గర కూడా ఆ రెండు తేదీలూ ఉంచండి, ఒకటి కొట్టేయకండి.