పన్ను రంగు కొలిచే మెషిన్: వీటా ఈజీషేడ్ ఫైవ్ రివ్యూ

అందరికీ నమస్కారం. క్యాపుల్లో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ముందు పన్ను ఒక్కటే మార్చాల్సి వచ్చినప్పుడు. పక్కనే అసలు పన్ను ఉంటుంది కాబట్టి రంగు కాస్త తేడా వచ్చినా నవ్వగానే బయటపడిపోతుంది. ఆ రంగు కొలవడానికి వచ్చిందే ఈ స్పెక్ట్రోఫోటోమీటర్.

1956 నుంచి వాడుకలో ఉన్న 16 షేడ్ల వీటా క్లాసికల్ గైడ్, అంటే పన్ను పక్కన పెట్టి కంటితో రంగు పోల్చుకునే నమూనా పళ్ల సెట్, మీ అందరికీ తెలిసిందే. కానీ గదిలో లైటు మారితే, పేషెంట్ ముదురు లిప్‌స్టిక్ వేసుకుంటే మన కన్ను మోసపోతుంది. ఈ మెషిన్‌కి ఆ బాధ లేదు, దాని వెలుగు దానికే ఉంది.

ఇదిగో, ముందు తెల్ల బ్లాక్ మీద క్యాలిబ్రేట్ చేశాను. టిప్‌ని పన్ను మధ్యలో నిటారుగా ఆనిస్తే ఏ3 (ఆ గైడ్‌లోని ఒక షేడ్) చూపించింది. ఇప్పుడు కావాలనే కొంచెం వంచుతాను. చూశారా, షేడ్ మారిపోయింది! అందుకే ఒక్క రీడింగ్‌తో ఆగకండి. చిగురు దగ్గర, మధ్యలో, అంచు దగ్గర విడివిడిగా తీయండి.

ఇంకో ముఖ్యమైన మాట. రబ్బర్ డ్యామ్ (పంటికి తడి తగలకుండా చుట్టూ వేసే రబ్బరు షీటు) వేశాకో, చాలాసేపు నోరు తెరిపించాకో కొలవొద్దు. పన్ను ఆరిపోతే ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. పేషెంట్ కుర్చీలో కూర్చోగానే చేయాల్సిన మొదటి పని ఇదే.

ఇంత మంచి మెషిన్ కూడా చెప్పలేనివి ఉన్నాయి. అంచు ఎంత పారదర్శకంగా ఉంది, తెల్ల మచ్చలు ఎక్కడున్నాయి, సన్నని గీతలు ఎటు పోతున్నాయి, ఇవేవీ ఒక నంబర్‌లో రావు. దానికి ఫోటోనే కావాలి. కెమెరాకి క్రాస్ పోలరైజింగ్ ఫిల్టర్ (మెరుపుని ఆపే ఫిల్టర్) పెట్టి, షేడ్ ట్యాబ్‌ని, అంటే గైడ్‌లోని నమూనా పన్నుని, అసలు పన్ను ఉన్న దూరంలోనే పట్టుకుని, రంగులు సరిచూసుకోవడానికి వాడే గ్రే కార్డుతో తీయండి. మెరుపు పోయి లోపలి రంగు తేటగా కనిపిస్తుంది. పైపొర నునుపు, గరుకు మాత్రం అందులో పోతాయి, కాబట్టి మామూలు ఫోటో కూడా ఒకటి జత చేయండి. ఇంట్రాఓరల్ స్కానర్‌లో (నోట్లో పెట్టి పళ్లని స్కాన్ చేసే పరికరం) వచ్చే షేడ్‌ని నేనైతే సూచనగానే తీసుకుంటాను.

చాలామంది వదిలేసేది క్యాప్ కోసం అరగదీసిన పన్ను రంగు. రూట్ కెనాల్ అయి నల్లబడిన పన్ను మీద పలుచని లిథియం డైసిలికేట్ (వెలుగు కొంత లోపలికి పోనిచ్చే ఒక రకం సిరామిక్) క్యాప్ పెడితే కింది నలుపు పైకి తేలుతుంది. షేడ్ ఎంత కరెక్ట్‌గా కొలిచినా అప్పుడు లాభం లేదు. అరగదీసిన పన్ను ఫోటో లేకుండా క్యాప్ తయారుచేసే ల్యాబ్‌కి కేసు పంపడం టెక్నీషియన్‌కి అన్యాయం చేయడమే.

మరి కొనొచ్చా? ముందు పళ్ల కేసులు ఎక్కువ చేసేవాళ్లు తప్పకుండా కొనండి. అప్పుడప్పుడూ చేసేవాళ్లయితే ముందు ఫిల్టర్, గ్రే కార్డు తీసుకోండి. కొన్నాక మీ ల్యాబ్‌వాళ్లు క్లాసికల్ గైడ్ వాడుతున్నారో, వీటావాళ్లదే ఇంకో గైడ్ త్రీడీ మాస్టర్ వాడుతున్నారో కనుక్కుని, రీడింగ్ కూడా ఆ గైడ్‌లోనే రాసి పంపండి.