ఒకే ఒంటికి ఇద్దరు గురువులు

నల్గొండ మిత్రులకు, పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

బరువులు ఒకరి దగ్గర, యుద్ధవిద్య ఇంకొకరి దగ్గర నేర్చుకునే ఈ చిక్కు పాత తాలీంలలో, అంటే కుస్తీ సాధన చేసే చోట్లలో, లేదు. కుస్తీ నేర్పే ఉస్తాదే దండీలు, బస్కీలు తీయించేవాడు, గద తిప్పించేవాడు, గుండు ఎత్తించేవాడు. నిన్న ఎవరు ఎంత అలిసిపోయారో ఆయనకు తెలుసు. ఇప్పుడు పొద్దున జిమ్‌లో ఒక కోచ్, సాయంత్రం కరాటేకో తైక్వాండోకో ఇంకో మాస్టరు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఒళ్లు వంచి పని చేయించేవాళ్లే. ఒకరు చేయించింది మరొకరికి తెలియదు. బరువుల కన్నా ఈ తెలియకపోవడమే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం.

అందుకే వారం మొత్తాన్ని ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించండి. బరువులకు వారంలో రెండు రోజులు చాలు, మధ్యలో 48 గంటల ఎడం ఉండాలి. బరువులూ యుద్ధవిద్యా ఒకే పూట పడితే ముందు యుద్ధవిద్య, తర్వాత బరువు. స్క్వాట్లు తీసి వణికే కాళ్లతో ఎగిరి తన్నితే, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. కీలులో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు తెగేది తరచూ అక్కడే. నేల మీది బరువును చేతులతో పట్టి లేపే డెడ్‌లిఫ్ట్ చేసిన సాయంత్రం జూడో పట్టు నిలవదు. కొత్త బరువుల నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఉంటుంది కనుక, శనివారం కాళ్లకు పని చెప్పి ఆదివారం స్పారింగ్‌కు, అంటే ఎదుటివాడితో తలపడే సాధనకు, రాకండి.

డంబెల్స్ పట్టుకుని గాలిలో గుద్దులు విసరడం మన కుర్రాళ్లకు మహా సరదా. బరువు కిందికి లాగుతుంది, గుద్దు ముందుకు పోవాలి. అక్కడ అలిసేది చేతిని పైకెత్తి పట్టుకునే భుజం. గుద్దుకు వచ్చే బలం ఏమీ లేదు, మోచేతి కీలుకు మాత్రం కుదుపు. కాలికి బరువు కట్టి తన్నడం ఇంకా చెడ్డది. బరువును నిదానంగా ఎత్తండి, గుద్దును వట్టి చేత్తో వేగంగా విసరండి. అన్నట్టు గుద్దు, బెంచ్‌ప్రెస్, దండీలు మూడూ ముందుకు నెట్టే పనులే. వెనక్కి లాగే రోయింగ్ వాటికి దీటుగా చేయకపోతే భుజం ఏదో ఒక రోజు మొరాయిస్తుంది.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా మిగిలిపోతారా? తెలిసినవారు దగ్గరుండి, తగిన బరువుతో చేయిస్తే ఎదుగుదల ఆగుతుందనడానికి ఆధారం లేదు. ఆపాల్సింది ఎవరెక్కువ ఎత్తుతారన్న పందేలను.

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చిన పెద్దలకు విడిగా ఒక మాట. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుమో మెడో బిగుసుకుపోయి ఉంటే, డాక్టరుకు చూపించుకోకుండా బార్‌బెల్ ముట్టవద్దు. ఫ్లోరోసిస్ ముదిరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది, లోపల పెళుసుగా ఉంటుంది.

ఇక పోటీలో బరువు విభాగం కోసం వేసే తూకం సంగతి. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు పోటీకి ముందు బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. వేడిలో, చెమట బయటికి పోనివ్వని దుస్తుల్లో కసరత్తు చేశారు. అక్కడ అది చలికాలం. మన దగ్గర మే నెల ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తే కుర్రాళ్లు ఉన్నారు. కిలో తగ్గడానికి నీళ్లు మానేస్తున్న పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, ఈసారికి పై బరువు విభాగంలో ఆడించమని మాస్టరును అడగండి.