"సీమోళ్లం" అని మొదట ఎప్పుడన్నాం?

[తెర మీద: అనంతపురం, పొద్దున ఏడు. తోపుడుబండి మీద బాణలి. నీళ్లలో తడిపిన బొరుగులను పిండుతున్న చేతులు.]

ఇవి బొరుగులు. తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాళింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది సగం టిఫినే.

డిగ్రీకి విజయవాడ వెళ్లేదాకా దీన్ని రాయలసీమ వంట అని నేనెప్పుడూ అనుకోలేదు. పొద్దున్నే తినే టిఫిన్, అంతే. అక్కడ కిరాణా కొట్టులో బొరుగులు కావాలంటే కొట్టతనికి అర్థం కాలేదు. వేలు పెట్టి చూపిస్తే "ఓ, మరమరాలా!" అన్నాడు. హాస్టల్లో "యాడికి పోతాండావు?" అన్నానని గది గదంతా నవ్వారు. ఆ రాత్రి అమ్మతో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

వారం తిరక్కుండానే కర్నూలు నుంచి వచ్చిన ఒకడు, ప్రొద్దుటూరు వాళ్లు ఇద్దరు మా గదికి చేరారు. అప్పటిదాకా ఏ ఊరని ఎవరడిగినా ధర్మవరం అనేవాణ్ణి. "మేం సీమోళ్లం" అని మొదటిసారి అన్నది ఆ గదిలోనే.

సొంతూళ్లో ఉన్నంతకాలం ప్రాంతం పేరుతో మనకు పనిపడదు. బయటివాళ్లు మనకొక పేరు పెట్టినప్పుడే, మన పేరేంటని వెతుక్కుంటాం. రాయలసీమ అనే పేరు కూడా అలాగే పుట్టింది.

[తెర మీద: పాత పటం. దాని మీద 1800.]

తన దగ్గరున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద నిజాం ఈ నేలను 1800లో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పట్నుంచి మనం సీడెడ్ జిల్లాలు. తెలుగులో దత్తమండలాలు. అంటే ఇచ్చేసిన భూములు. ఇక్కడి మనుషుల్ని ఎవరూ అడగలేదు. నూరేళ్లు దాటినా ఆ పేరే కొనసాగింది. అనంతపురంలో 1916లో పెట్టిన కాలేజీకి కూడా దత్తమండల కళాశాల అనే పేరు. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ అదే.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దాంతోపాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా. ఆ సభలో చిలుకూరి నారాయణరావు లేచి, ఈ పేరు మనకొద్దు, రాయలసీమ అందాం అని ప్రతిపాదించారు. విజయనగర రాయలు ఏలిన నేల కాబట్టి రాయల సీమ. ఎవరో ఇచ్చేసిన నేల అన్న మాట పోయి, రాజులు ఏలిన నేల అన్న మాట వచ్చింది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. నారాయణరావుగారు సీమలో పుట్టిన మనిషి కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ అనంతపురం కాలేజీలోనే పాఠాలు చెప్పారు. ఇక్కడి వాళ్లతో కలిసి బతికి, ఆ పేరు వీళ్లనెంత నొప్పిస్తుందో గమనించారు. అభిమానం పుట్టుకతోనే రావాలనేవాళ్లకు నేను ఆయన్నే చూపిస్తాను.

[తెర మీద: పెన్న. ఇసుక.]

పేరొక్కటే చాలదు, పంచుకున్న కష్టం కూడా ఉండాలి. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. చెనిక్కాయ వేసి ఆకాశం వైపు చూసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒకరి మాట ఒకరికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కరువు కాలంలో ఎవరు అన్నం పెట్టారో జనం మరిచిపోరు. 1866 కరువులో గంజి పోసి వేలమందిని బతికించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు ఇప్పటికీ పాటల్లో ఉంది.

మాట తప్పారన్న బాధ ఇంకొకటి. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. రాజధాని, హైకోర్టు రెండింట్లో ఏది కావాలో సీమవాళ్లే ఎంచుకోవచ్చని, నీళ్లలో సీమకు ముందు చోటు ఇస్తామని రాసుకున్నారు. 1953లో కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మూడేళ్లకే, 1956లో, రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. కర్నూల్లో పెద్దవాళ్లను ఎవర్నైనా కదిపి చూడండి, నిన్నగాక మొన్న జరిగినట్టు చెబుతారు.

ఇక సినిమాల సంగతి. తెర మీద సీమ అంటే బాంబులు, సుమోలు, ఎర్ర కండువాలు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత మావాళ్లలోనే కొందరు ఆ వేషాన్నే గర్వంగా వేసుకోవడం మొదలుపెట్టారు. అది నాకు నచ్చదు, గట్టిగానే చెబుతున్నాను. అదీ బయటివాళ్లు పెట్టిన పేరే. మనకు దొరికిన తొలి తెలుగు శాసనం, క్రీస్తుశకం 575 నాటిది, కడప జిల్లా కలమల్లలో ఉంది. గర్వపడాలంటే ఆ రాయి ముందు నిలబడొచ్చు కదా!

[తెర మీద: మళ్లీ పటం. బళ్లారి మీద వేలు.]

బళ్లారి కూడా ఒకప్పుడు దత్తమండలాల్లోదే. 1953లో మైసూరులో కలిసిపోయింది. ఇప్పుడు మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. పొద్దున్నే బళ్లారిలో బస్సు దిగి ఒగ్గరణె అడగండి. తడిపి పిండిన బొరుగులు, పసుపు తాళింపు, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు.