రన్నింగ్ షాపు కొంటున్నారా? 32 లక్షల లెక్క విప్పి చూద్దాం

[తెరపై: కరెంటు స్తంభానికి అంటించిన కాగితం. "రన్నింగ్ మెడికల్ షాపు అమ్మబడును. రోజు కౌంటర్ 30 వేలు. ధర 32 లక్షలు. బ్రోకర్లు వద్దు."]

నమస్తే. ఇలాంటి కాగితాలు మీరూ చూసే ఉంటారు. టిఫిన్ సెంటర్, జిరాక్సు షాపు, సూపర్ మార్కెట్, ఏదైనా సరే, "రన్నింగ్" అనే మాట కనిపిస్తే చాలు, మనకి ఆశ పుడుతుంది. కొత్తగా పెడితే జనం రావడానికి ఏడాది పడుతుంది. ఇదైతే ఇవాళ డబ్బు కట్టి రేపు గల్లా దగ్గర కూర్చోవచ్చు.

చిక్కల్లా ఆ డబ్బు ఎక్కడ తేవాలన్నదే. అందరూ ముందు బ్యాంకుకి పరిగెత్తుతారు. నేనైతే ముందు ఆ షాపులోనే ఓ నాలుగు రోజులు కూర్చోమంటాను. ఎందుకంటే ఈ అప్పు మీ జీతంలోంచి తీరదు, ఆ గల్లాలోంచే తీరాలి. కాబట్టి గల్లా ఎంత మొయ్యగలదో తేలాకే ఎంత అప్పు, ఎంత ధర అన్నది.

ఈ మెడికల్ షాపునే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. మీ షాపు అంకెలు మీరు పెట్టుకోండి.

[తెరపై: తెల్లబోర్డు, మార్కర్]

రోజుకి 30 వేల అమ్మకమంటే నెలకి 9 లక్షలు. షాపు బోర్డు మీద కస్టమర్లకి పది శాతం డిస్కౌంటు అని రాసి ఉందనుకోండి, అది పోగా చేతిలో మిగిలే మార్జిన్ 16 శాతం అనుకుందాం. అంటే 1,44,000. ఇందులో అద్దె 25 వేలు. ఫార్మసిస్టుకి 20 వేలు. ఇద్దరు కుర్రాళ్లకి 24 వేలు. కరెంటు, కవర్లు, ఇంటర్నెట్టు కలిపి ఓ 10 వేలు. ఎక్స్‌పైరీ నష్టం 5 వేలు. మొత్తం 84 వేలు పోతే మిగిలింది 60 వేలు.

అమ్మేవాళ్లు ఇక్కడ ఆగి, "చూశారా, నెలకి 60 వేలు లాభం" అంటారు. లాభం కాదండీ అది. ఆయన పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా అక్కడ నిలబడుతున్నాడు, ఆ కూలీ ఎవరిస్తారు? రేపట్నుంచి నిలబడేది మీరు. మీ ఇంటి ఖర్చుకి 25 వేలు తీసేయండి. 35 వేలు మిగిలింది. ఇప్పుడు చెప్పండి, ఇందులో కిస్తీ ఎంత కట్టొచ్చు?

35 వేలూ కట్టేస్తే ఒక నెల బేరం తగ్గినా పీకల మీదకొస్తుంది. బ్యాంకు వాళ్లు కూడా వంద కిస్తీకి నూట పాతికైనా మిగులు ఉందా అని చూస్తుంటారు. ఆ లెక్కన మన గల్లా మొయ్యగలిగేది 28 వేలు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి.

అన్నట్టు, 30 వేల కౌంటర్ అన్నది ఆయన మాట. కాగితం ఏమంటోంది? జీఎస్టీ రిటర్నులు, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు, క్యూఆర్ కోడ్ స్కాన్ల లెక్క, ఈ నాలుగూ అడగండి. "అవన్నీ తగ్గించి చూపించామండీ, అసలు బిజినెస్ వేరే" అంటారు. బ్యాంకు ఆ అసలు బిజినెస్‌కి అప్పివ్వదు, కాగితం మీద ఉన్నదానికే ఇస్తుంది. మరి ఆయన పన్నుకి ఒక లెక్క, మీకొక లెక్క చూపిస్తుంటే, రెండో లెక్కకి మాత్రం మీరెందుకు డబ్బు కట్టాలి?

సరే, ఇప్పుడు ఆ 32 లక్షల్ని విప్పుదాం.

[తెరపై: స్టాకు 14, ఫర్నీచరు 4, అద్దె అడ్వాన్సు 2, గుడ్‌విల్ 12]

స్టాకు 14 లక్షలు, ర్యాకులు, ఫ్రిజ్‌లు, ఏసీ, కంప్యూటరు కలిపి 4, ఇంటి ఓనర్ దగ్గరున్న అడ్వాన్సు 2, మిగతా 12 గుడ్‌విల్, అంటే షాపుకున్న పేరుకి, అలవాటైన కస్టమర్లకి కట్టే ధర.

స్టాకు దగ్గర కొంచెం నిలబడదాం, అసలు ఆట అంతా ఇక్కడే. రాత్రి షట్టర్ దించాక లెక్కపెట్టండి. ర్యాకులో ముందు వరస తీసి వెనక చెయ్యి పెట్టండి. వెనకున్న డబ్బాల మీద తేదీ చూడండి. మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అయ్యేవి, సగం కత్తిరించిన స్ట్రిప్పులు, పైన క్లినిక్‌లో డాక్టరు రాయడం మానేసిన బ్రాండు సిరప్పులు, వీటన్నిటినీ వేరే కుప్ప పొయ్యండి. ఆ కుప్పకి మీరు డబ్బివ్వక్కర్లేదు. ఆయన్నే డిస్ట్రిబ్యూటర్‌కి తిప్పి పంపుకోమనండి.

కుప్ప తీసేశాక కూడా 14 లక్షలే తేలింది అనుకుందాం. బాగానే ఉంది. కానీ ఈ సరుకుకి ఆయన డబ్బు కట్టాడా? మందుల షాపుకి డిస్ట్రిబ్యూటర్లు అప్పు మీద సరుకు వేస్తారు. బిల్లుల ఫైలు తీయండి. 5 లక్షలు ఇంకా బాకీ ఉంది. అంటే ర్యాకులో ఉన్న 14 లక్షల్లో ఆయన సొంతం 9 లక్షలే. మీరు 14 చేతిలో పెడితే ఆయన వెళ్లిపోతాడు, వచ్చే సోమవారం కలెక్షన్ కుర్రాళ్లు మీ కౌంటర్ ముందు వరస కడతారు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ.

కాబట్టి రెండే దార్లు. ఆయన బాకీలు తీర్చి ప్రతి డిస్ట్రిబ్యూటర్ దగ్గరా "బాకీ లేదు" అని కాగితం తేవాలి. లేదా ఆ 5 లక్షలు మీరు నెత్తిన వేసుకుని, ధరలో 5 తగ్గించాలి. డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకుంటే రెండోదే మేలు. వడ్డీ లేకుండా 5 లక్షల అప్పు మీకింకెవరిస్తారు? ధర 27కి దిగింది.

బ్యాంకు దీనిలో ఎంతిస్తుంది? స్టాకు మీద క్యాష్ క్రెడిట్, అదే సీసీ, అంటే ఒక లిమిటు దాకా వాడుకుంటూ కట్టుకుంటూ ఉండే అప్పు. సీసీ లిమిటు కట్టేటప్పుడు బ్యాంకు కూడా మనం చేసిన పనే చేస్తుంది. స్టాకులోంచి అప్పు సరుకు తీసేస్తుంది, మిగిలిన 9 లక్షల్లో పావు వంతు మార్జిన్, అంటే సొంత వాటా, మీరు పెట్టుకోమంటుంది. 6.75 లక్షలు వస్తుంది. ఫర్నీచరు మీద టర్మ్ లోను, అంటే నెలనెలా కిస్తీల్లో తీర్చే అప్పు, అక్కడా పావు మార్జిన్ పోతే 3 లక్షలు. పాత సామాను కాబట్టి వాల్యూయర్ ఇంకా తగ్గించినా ఆశ్చర్యపోకండి. అద్దె అడ్వాన్సుకి, గుడ్‌విల్‌కి మామూలుగా బ్యాంకు అప్పివ్వదు. రేపు మీరు కట్టకపోతే గుడ్‌విల్‌ని వేలం వెయ్యలేరు కదా.

మొత్తం 9.75 లక్షలు. ఇది పది లోపే ఉంది చూశారా? చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోనులో తరుణ్ కేటగిరీకి సరిపోతుంది. 5 నుంచి 10 లక్షలు, తాకట్టు లేకుండా. 2024లో 20 లక్షల దాకా తరుణ్ ప్లస్ అని పెట్టారు గానీ, అది ఇదివరకు తరుణ్ తీసుకుని సరిగ్గా కట్టేసినవాళ్లకే. ఇంకా పెద్ద వ్యాపారం కొనేవాళ్లయితే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ, అంటే తాకట్టు లేని చిన్న వ్యాపారాల అప్పుకి బ్యాంకుకి హామీ ఇచ్చే పథకం, గురించి మేనేజర్‌ని అడగండి. 2025 ఏప్రిల్ 1 నుంచి దాని పరిమితి 10 కోట్లు చేశారు. పీఎంఈజీపీ, అదే స్వయం ఉపాధికి కేంద్రం పెట్టిన పథకం, దాని సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది కొత్త యూనిట్లకి, నడుస్తున్నదాన్ని కొనుక్కోవడానికి కాదు.

11 శాతం వడ్డీ అనుకుంటే, సీసీ మీద నెలకి వడ్డీ 6,200 దాకా. టర్మ్ లోను అయిదేళ్లకి కిస్తీ 6,500. కలిపి 12,700. మన గల్లా మొయ్యగలిగేది 28 వేలు కదా, ఇంకా 15,300 చోటుంది. దీన్ని తీసుకెళ్లి రెండు రూపాయల వడ్డీకి ఫైనాన్స్‌వాళ్ల దగ్గర పొయ్యకండి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మెడికల్ షాపు మార్జిన్ దాన్ని మొయ్యదు.

ఆ చోటు అమ్మేవాయనకి ఇవ్వండి.

"5 లక్షలు మీ దగ్గరే అప్పుగా ఉంచండి సార్, 36 నెలల్లో నెలకి 13,900 చొప్పున కడతాను, నోటు రాసిస్తాను" అని అడగండి. మనవాళ్లకి ఇది అడగడానికి మొహమాటం. కానీ దీనంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. కౌంటర్ నిజంగా 30 వేలే అయితే ఆయనకి భయమేముంది? ఒక్క రూపాయి కూడా ఆపను, మొత్తం రేపే కావాలి అంటే, ఆయనకి తెలిసింది మీకు తెలియలేదని అర్థం. పైన ఉన్న క్లినిక్ ఖాళీ చేస్తోందేమో, మెట్లెక్కి ఓసారి డాక్టరు గారిని కనుక్కోండి. ఈ షాపు గుడ్‌విల్‌లో సగం ఆ మెట్ల మీదే ఉంది.

గుడ్‌విల్ బేరం కూడా అప్పుడే తెగుతుంది. 12 లక్షలంటే మన 35 వేల మిగులు 34 నెలలది. 8కి తెస్తే 23 నెలలది. 8కి తెగిందంటే ధర 23. బ్యాంకు 9.75, ఆయన దగ్గర బాకీ 5, మీరు వేసేది 8.25. ఇది కాక 3 లక్షలు విడిగా ఉంచుకోండి. పాత బాకీకి ఒప్పుకున్న డిస్ట్రిబ్యూటర్లు కూడా కొత్త ఓనర్‌ని చూసి, రెండు నెలలు కొత్త సరుకు క్యాష్ మీదే వేస్తామంటారు.

ఆ సొంత డబ్బు కోసం చిట్టీ పాడాలనుకుంటున్నారా? చివరి నెలల్లో ఉన్న చిట్టీ అయితే పర్వాలేదు. మొదట్లోనే పాడితే వదులుకునే మొత్తాన్ని వడ్డీగా లెక్కేసి చూడండి, అప్పుడు నిర్ణయించుకోండి.

[తెరపై: అద్దె అగ్రిమెంటు, చివరి పేజీ]

కాగితాల సంగతి చకచకా చెప్పేస్తాను. టర్మ్ లోను అయిదేళ్లు, అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలు. ఇదెలా కుదురుతుంది? ఇంటి ఓనర్‌తో మీ పేరున అయిదేళ్ల లీజు రాయించుకోండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డ్రగ్ లైసెన్సు షాపుతో పాటు అమ్ముడుపోదు, ఫారం 20, 21 మీ పేరున రావాల్సిందే. కాబట్టి ముందు చిన్న అడ్వాన్సే ఇచ్చి, మిగతాది లైసెన్సు వచ్చాక అని రాసుకోండి. ఆయనకి ఇప్పటికే సీసీ ఉంటే ఆ స్టాకు వేరే బ్యాంకుకి తాకట్టులో ఉన్నట్టే, బాకీ లేదని ఆ బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ కాగితం లేకుండా ముట్టుకోకండి. పాత జీఎస్టీ బాకీ ఉంటే చట్టంలో 85వ సెక్షన్ ప్రకారం ఆయనతో పాటు మీరూ బాధ్యులే, బదిలీ తర్వాత తేలిన బాకీకి కూడా. వ్యాపారం మొత్తంగా, నడుస్తున్నది నడుస్తున్నట్టు చేతులు మారితే ఆ బదిలీ మీద జీఎస్టీ పడదు. అగ్రిమెంటులో ఆ మాట స్పష్టంగా ఉండాలి.

చివరికి ఒక బేరం వస్తుంది, అందరికీ వస్తుంది. "గుడ్‌విల్ 8 లక్షలు కాగితం మీద వద్దండీ, చేతికిచ్చేయండి, ఇద్దరికీ పన్ను గొడవుండదు." 2 లక్షలు, అంతకు పైన నగదు తీసుకోవడం 2017 నుంచి నిషేధం. పుచ్చుకున్నవాళ్లకి అంతే మొత్తం పెనాల్టీ. అది ఆయన బాధ అనుకుని ఒప్పుకుంటారేమో, ఆగండి. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఎవరినీ వ్యాపారం చెయ్యొద్దని కట్టడి చెయ్యడానికి లేదు. గుడ్‌విల్ అమ్మినవాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. ఫలానా పరిధిలో ఇదే వ్యాపారం పెట్టను అని వాళ్లతో రాయించుకోవచ్చు. కాగితం మీద గుడ్‌విల్ అమ్మకమే లేకపోతే ఆ షరతుకి కాళ్లుండవు. ఆర్నెల్లకి ఆయన రోడ్డుకి అవతలి పక్క కొత్త బోర్డు కడతాడు, పది శాతం కాదు, పదిహేను శాతం డిస్కౌంటని రాస్తాడు. మీ కస్టమర్ల ఫోన్ నంబర్లన్నీ ఇంకా ఆయన ఫోన్‌లోనే ఉంటాయి.